రెండెఱుపులలో ఏది?

గోడలకు రంగు వేయించునపుడు గృహిణిని మిక్కిలి తికమక పెట్టునది ఎఱుపు. తెలుపు కొంచెము అటునిటైనను సరిపెట్టుకొనవచ్చును. ఎఱుపు తప్పినచో గదియే పరాయిదైపోవును. అంగడివా రిచ్చిన రెండు నమూనాలును మొదట ఒక్కటే యనిపించును. వానిని తెల్లకాగితముపై నుంచి నిదానించి చూడుడు. ఒకటి జేగురువలె పసుపువైపునకు, రెండవది లక్కవలె నీలమువైపునకు మొగ్గుచుండును. ఎన్నిక యంతయు ఈ మొగ్గుపైననే యున్నది. వృద్ధుల కంటికటకము పసుపెక్కుటచే వారికి నీలపుఛాయ చక్కగా తెలియదు. కావున అత్తగారు "రెండును ఒకటేగదా" యనినచో అది మొండితనము కాదు.

ఉత్తరపు కిటికీ వెలుతురున లక్కయెఱుపు తన ఛాయను నిలుపుకొనును. పసుపుకాంతి దీపము క్రింద ఆ నీలపుజాడ అణగిపోయి, పగలు మెచ్చినది రాత్రి వేఱుగా కనబడును. జేగురుఛాయ మాత్రము ఆ దీపమున కళకళలాడును. సందెచీకటిలో నీలముకంటె ముందుగా ఎఱుపే నల్లబడును. ఈ సంగతిని 19వ శతాబ్ది ఆరంభమున యాన్ పుర్కిన్యే యను శాస్త్రజ్ఞుడు గుర్తించెను. ఇదిగాక నాలుగు గోడలును తమ రంగును ఒకదానిపై నొకటి ప్రసరింపజేయుటచే, నమూనాలో చూచినదానికంటె గదిలో ఎఱుపు గాఢమగును. ఒకే కిటికీ గల గదికి రెండింటిలో లేతదియే మేలని నా మతము.

రెండడుగుల అట్టలపై రెండేసి పూతలు వేసి, ఆరిన పిమ్మట వేర్వేఱు గోడలకు ఆనించి, ఉదయమున, మధ్యాహ్నమున, దీపములు పెట్టిన తరువాత చూడవలయును. గదిని ఎక్కువగా వాడు వేళ ఏదో, ఆ వేళ నచ్చినదే మన రంగు.

పురుషులు సాధారణముగా డబ్బా వెల మాత్రమే అడుగుదురు. పూత లెన్ని యని మనము అడుగవలెను. జేగురురంగునకు మూలమైన ఇనుపభస్మము గోడను బాగుగా కప్పును, ఎండకు వెలవెలబోదు. మెఱయు ఎఱుపులలో పెక్కింటికి అడుగుగోడ కనబడుచుండును. బూడిదరంగు తొలిపూత వేయనిచో మూడు నాలుగు పూతలైనను చాలవు. కూలియు అంతకంతకు పెరుగును.

పాత తలుపులకును, ఇనుపచువ్వలకును గల ఎఱ్ఱరంగులో సీసము ఉండవచ్చును. మన దేశమున 2017 నుండి ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము అమలులోనికి వచ్చినది; అంతకు పూర్వపు పూతల మాట వేఱు. వానిని పొడిగా గీకింపకుడు. ఆ ధూళి పసిపిల్లలకును గర్భిణులకును మిక్కిలి హానికరము.

డబ్బాలన్నియు ఒకేమారు కొని, వానిపై తయారీ అంకెలు సరిచూచి, పెద్ద తొట్టిలో కలిపి వాడింపుడు. లేనిచో ఒక గోడకును ఇంకొక గోడకును భేదము బయటపడును.