విశ్వామిత్రుడి తపస్సు కాదు... పది నిమిషాల ఊపిరి!

ధ్యానం అనగానే మన సినిమా ప్రేక్షకుడికి ఏం గుర్తొస్తుంది? జటలు, గడ్డం, పులిచర్మం, ఎదురుగా మేనక నాట్యం! 1991లో వచ్చిన 'బ్రహ్మర్షి విశ్వామిత్ర'లో విశ్వామిత్రుడూ ఎన్.టి. రామారావు గారే, దర్శకుడూ ఆయనే. మేనకగా మీనాక్షీ శేషాద్రి. కళ్లు మూసుకు కూర్చోవడమంటే ఇంత ఆర్భాటం ఉండాలని మనకో నమ్మకం పడిపోయింది.

కాని కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో నాకు కనిపించిన ధ్యానానికి జటలూ లేవు, పులిచర్మమూ లేదు. లింగంపేట దాటాక చూస్తే పక్క సీట్లో ఇంటర్ కుర్రాడొకడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నాను.

"నిద్ర గాదన్నా, ఊపిరి లెక్కవెడ్తున్న" అన్నాడు.

"ఎందుకు తమ్మీ?"

"పరీక్షల పేపరియ్యంగనే గుండె దడదడ కొట్టుకుంటది. చదివింది ఒక్కటి యాదికి రాదు. మా సారు ఇట్ల చెయ్యమన్నడు."

"మరి తగ్గిందా?"

"దడ తగ్గింది గని, మా బాపు మార్కులడుగుడు తగ్గలే!"

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ముందు దడ సంగతి చూద్దాం. పులి ఎదురుపడినా, ప్రశ్నపత్రం ఎదురుపడినా శరీరం చేసే పని ఒక్కటే. అడ్రినలిన్ ఊరుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. అప్పుడు జ్ఞాపకం తడబడడంలో వింతేముంది? ఇందులో మన చేతికి అందేది ఊపిరి ఒక్కటే. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది. అందుకే పీల్చే ఊపిరికన్నా వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలంటారు. మనసు పక్కకు పరుగెత్తితే తిట్టుకోకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోవాలి. ధ్యానమంటే మొదటి పాఠం ఇంతే!

ఈ విద్య కోసం హిమాలయాలకు పోనక్కర్లేదు. సత్యనారాయణ గోయెంకా గారి విపశ్యన కేంద్రం 'ధమ్మఖేత్త' 1976లోనే హైదరాబాదులో వెలిసింది. మన పక్కనే, నిజామాబాద్ జిల్లా ఎడపల్లి మండలం పోచారంలో 'ధమ్మ నిజ్ఝాన' ఉంది. పెద్దలకు పదిరోజుల మౌనం. పిల్లలకు మాత్రం 'ఆనాపాన', అంటే వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ గమనించడం. ఇక పిరమిడ్ ధ్యానాన్ని ప్రచారం చేసి, 2022లో కన్నుమూసిన సుభాష్ పత్రి గారు పుట్టింది బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో.

సినిమావాళ్లూ దీన్ని వదల్లేదు సుమండీ! 'బ్లూ వెల్వెట్', 'మల్హాలండ్ డ్రైవ్' తీసిన హాలీవుడ్ దర్శకుడు డేవిడ్ లించ్ 1973లో మహర్షి మహేశ్ యోగి పద్ధతి నేర్చుకున్నాడు. 2005లో ఏకంగా ఓ సంస్థ పెట్టి బడిపిల్లలకు ధ్యానం నేర్పించాడు. 2025 జనవరిలో పోయేదాకా ఆ పనిని వదల్లేదు. మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వం కూడా 2018 జూలైలో 'హ్యాపీనెస్ కరిక్యులం' పేరిట సర్కారు బడుల్లో ధ్యానం ప్రవేశపెట్టింది.

మరి ఇంత మంచిదైతే పిల్లలందరి చేతా చేయించేస్తే సరి కదా అంటారా? అక్కడే ఉంది చిక్కు. బ్రిటన్‌లో 'మిరియడ్' అనే పెద్ద పరిశోధన ఒకటి జరిగింది. ఎనిమిది వేలమందికి పైగా బడిపిల్లలను తీసుకుని, కొందరికి తరగతిలోనే ధ్యానం పాఠంగా చెప్పారు, మిగతావారిని మామూలుగా వదిలేశారు. 2022లో ఫలితాలు వచ్చాయి. రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు! చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదట. బలవంతపు ధ్యానం కూడా మరో హోంవర్కే అయిందన్నమాట. కొందరికి కళ్లు మూసుకుంటే దిగులు పెరుగుతుంది కూడా. అలాంటివారు మానేసి డాక్టరును కలవడమే మేలు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం మరిచిపోగలమా? ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. తర్వాత అది 99గా తేలింది! ఆ కొద్దిరోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఫెయిలైన వారందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూడమని ప్రభుత్వం ఆదేశించింది. ఆ సున్నాకు ఏ ధ్యానం మందు? తప్పు పెద్దల దగ్గర పెట్టుకుని, "నువ్వు ఊపిరి పీల్చుకో నాయనా" అని పిల్లవాడితో అనడం ఏం న్యాయం?

కనుక ధ్యానాన్ని దాని చోట దాన్ని ఉంచుదాం. అది దడను తగ్గిస్తుంది. దడ పుట్టించే ఇంటినీ, కాలేజీనీ మార్చలేదు. ఆ పని మనదే. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. తెల్లవారుజామున లేపి స్టడీ అవర్లకు తోలేవాళ్లు ఒక్కసారి లెక్క వేసుకోవాలి.

పిల్లలు మరీ ముభావంగా ఉంటే, బతకాలని లేదన్న మాట నోట వస్తే, ధ్యానం దగ్గర ఆగిపోకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'టెలి మానస్' నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు.

తల్లిదండ్రులకు చివరగా ఒక్క మనవి. సాయంత్రం సీరియల్ మధ్యలో ప్రకటనలకు పోయేపాటి సమయం చాలు. టీవీ కట్టేసి పిల్లల పక్కన మీరూ కళ్లు మూసుకుని కూర్చోండి. లేచాక మార్కులు అడక్కండి. అన్నం తిన్నావా అని అడగండి!