వార్తల్లో పదం: ఏసీపీ క్లాడింగ్

లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న అర్ధరాత్రి దాటాక నాలుగో అంతస్తు వంటింట్లోని ఫ్రిజ్ దగ్గర మంటలు లేచాయి. బయటి గోడకు అంటుకున్నాక అరగంట తిరక్కముందే పైకప్పుదాకా పాకాయి. 72 మంది చనిపోయారు.

ఆ గోడకు వేసిన తొడుగే (క్లాడింగ్) ఏసీపీ, అంటే అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్. మన ఊళ్లలో షోరూముల ముందు తళతళలాడే షీటూ ఈ జాతిదే. రెండు పలచని అల్యూమినియం రేకులు, నడుమ ఒక పొర. మందం మామూలుగా 3, 4 మిల్లీమీటర్లు. తేలిక, కోరిన రంగు, పని చకచకా అయిపోతుంది. బిల్డర్లకు ఇంకేం కావాలి!

చిక్కంతా నడిమి పొరతోనే. గ్రెన్‌ఫెల్‌లో అది పాలిథిలిన్ ప్లాస్టిక్. వేడికి కరిగి, కారుతూ మండుతుంది. షీటుకూ గోడకూ మధ్య వదిలే ఖాళీ పొగగొట్టంలా మంటను పైకి లాగుతుంది. ఖనిజాలు దట్టించిన ఎఫ్‌ఆర్ (ఫైర్ రిటార్డెంట్) రకం అంత తేలిగ్గా అంటుకోదు. ఏ2 రకం ఇంకా మెరుగు, ధరా ఎక్కువే. బిగించాక చూస్తే మాత్రం అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

18 మీటర్లు దాటిన కొత్త నివాస భవనాల బయటి గోడలకు మండే సామగ్రిని ఇంగ్లండ్ 2018లో నిషేధించింది. గ్రెన్‌ఫెల్ తొడుగు తయారీదారులు మోసపూరితంగా వ్యవహరించారని 2024లో ఆ ప్రమాదంపై వేసిన విచారణ సంఘం తేల్చింది.

మీ అపార్టుమెంటుకు షీట్లు వేయిస్తుంటే, రంగు ఎంచుకునే ముందు నడిమి పొర ఏమిటో అడగండి. అగ్ని పరీక్ష సర్టిఫికెట్ చూడండి.