మూడు రికార్డులు - ఒకే శోకం

శోకం నుంచే శ్లోకం పుట్టిందని ఏటేటా తరగతిలో చెబుతూ ఉంటాను. మొన్నామధ్య వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, ఏడుస్తున్న మనిషి గణాలూ యతులూ లెక్కపెట్టుకుంటాడాండీ?" అని అడిగాడు. తరగతి గొల్లుమంది. నేనూ నవ్వేశాను గాని, ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దానికి జవాబు మన కావ్యాలలో కాక, ఒక పాశ్చాత్య ఫిడేలు రచనలో దొరికిందంటే మీరు ఆశ్చర్యపోతారేమో!

వియన్నా నగరవాసి ఆల్బన్ బెర్గ్ 1935లో రాసిన వయొలిన్ కన్‌చెర్టో అది. ఒక్క ఫిడేలూ, నిండు వాద్యబృందమూ ఎదురెదురుగా నిలిచి చేసే సంభాషణ అనుకోండి. రాయమని అడిగినవాడు లూయీ క్రాస్నర్ అనే అమెరికా విద్వాంసుడు. బెర్గ్ ఇంకా తటపటాయిస్తూండగానే, ఆయన ఎంతో ముద్దుగా చూసుకున్న మానన్ గ్రోపియస్ అనే పద్ధెనిమిదేళ్ల పిల్ల పోలియోతో బాధపడి ఏప్రిల్ 22న కన్నుమూసింది. బెర్గ్ చేతిలో ఉన్న ఆపెరాను పక్కన పెట్టి, ఆగస్టుకల్లా ఈ రచన ముగించి, ఒక దేవదూత స్మృతికి అంకితమిచ్చాడు. డిసెంబరు 24న తానూ వెళ్ళిపోయాడు. తన రచనను ఒక్కసారైనా చెవులారా వినలేదు!

ఇక లెక్క సంగతంటారా, యతిప్రాసలను మించిన లెక్క. పన్నెండు స్వరస్థానాలనూ ఒక వరుసలో పేర్చి, దాని మీదే రచనను నిలబెట్టాడు. ఆ వరుసలో ఫిడేలు నాలుగు తీగెల శ్రుతులూ ఇమిడి ఉన్నాయి. చివరి నాలుగు స్వరాలేమో బాఖ్ కూర్చిన ఒక పాత ప్రార్థన గీతపు తొలి నాలుగు స్వరాలే! లోకం విడిచిపోయే జీవి, ఇక చాలునని దేవుడితో చెప్పుకునే గీతమది.

దీనిని నేను మూడు రికార్డులలో విన్నాను.

మొదటిది 1978లో ఇట్జాక్ పెర్ల్‌మన్, బోస్టన్ బృందంతో సెయిజీ ఒజావా నాయకత్వాన వాయించినది. నాలుగో ఏట పోలియో సోకి, కూర్చునే కచేరీ చేసే విద్వాంసుడీయన. అయినా ఆ కమానులో జాలి కోరే ధోరణి మచ్చుకైనా లేదు. ప్రతి స్వరమూ కడిగిన ముత్యం.

రెండవది 1940లో క్రాస్నర్, క్లీవ్‌లాండ్ బృందంతో ఆర్తుర్ రోజిన్‌స్కీ నాయకత్వాన చేసినది. బిగువైన నడక. ఎక్కడా నిలబడి నిట్టూర్చడు.

మూడవది 1936 మే 1న లండన్‌లో బి.బి.సి. బృందంతో అదే క్రాస్నర్ చేసిన కచేరీ. నాయకుడు బెర్గ్ ప్రాణమిత్రుడు ఆంటోన్ వెబర్న్. అంతకు పన్నెండు రోజుల ముందు బార్సిలోనాలో జరిగిన తొలి ప్రదర్శనకు కూడా ఆయనే నాయకత్వం వహించవలసింది. కాని రిహార్సళ్ళలో కొద్దిపాటి భాగం దాటి ముందుకు సాగలేక, ఆఖరి ఘడియలో తప్పుకున్నాడు. హెర్మన్ షెర్షెన్ వచ్చి గట్టెక్కించాడు. లండన్‌లో మాత్రం వెబర్న్ నిలిచాడు. ఆనాటి రికార్డును క్రాస్నర్ దాచుకోబట్టి మనకు దక్కింది.

నిజం చెప్పాలంటే, మొదటిసారి అయిదు నిమిషాలకే ఆపేశాను. అంతా గరగర! మరునాటి రాత్రి ఓపిక పట్టి విన్నాను. నడక నిదానం. ఒక్కొక్క పలుకు చివరా ఊపిరి తీసుకుంటున్నట్టున్నది. మనిషీ వాడే, స్వరాలూ అవే, లెక్కా అదే. నాలుగేళ్ళ తరవాత గబగబా దిగిన మెట్లనే, ఆనాడు కమ్మీ పట్టుకుని ఒక్కొక్కటిగా దిగారన్న మాట. ఆ కమ్మీయే ఛందస్సు. అది లేకపోతే వెబర్న్ లండన్‌లోనూ చివరిమెట్టు చేరేవాడు కాడేమో!

మర్నాడు కుర్రవాడికి ఈ మాటే చెప్పాను. ఒప్పుకున్నట్టు కనిపించలేదు. "వినకుండా ఎలా ఒప్పుకోమంటారు మాస్టారూ?" అన్నాడు. న్యాయమే! శనివారం మా ఇంటికి రమ్మన్నాను. ముందు పెర్ల్‌మన్‌ది వినిపిస్తాను. గరగరల రికార్డు ఆఖరున. చెవి దారిలో పడ్డాక గాని ఆ దుఃఖం వినబడదు.