బాలబాలికలు - బలసాధన

ఎనిమిదేండ్ల బిడ్డకు బరువులెత్తుట నేర్పవచ్చునా? నేర్పినచో ఎదుగుదల ఆగి, బిడ్డ పొట్టిగ ఉండిపోవునా? తల్లిదండ్రులు మమ్ము తరచుగ అడుగు ప్రశ్న ఇది. ఈ భయములో నిజమెంత, పొరపాటెంత అను విషయమును నేడు విచారింతము.

ఎదుగుచున్న పిల్లల పొడుగు ఎముకల కొనలయందు మృదులాస్థితో ఏర్పడిన పొరలు కలవు. ఎముక పొడవు పెరుగునది అచ్చటనే. ముదిరిన ఎముకకంటె ఆ భాగము సుకుమారమైనది. గట్టి దెబ్బ తగిలినచో చెడవచ్చును. భయమునకు మూలమిదియే. కాని క్రమమెరిగి, తెలిసినవారి కనుసన్నలలో చేయు బలసాధనవలన ఎదుగుదల కుంటుపడునని పరిశోధనలలో తేలలేదు. 2020లో అమెరికా శిశువైద్య సంఘము సైతము ఈ మాటయే చెప్పినది. చెట్టుకొమ్మపైనుండి దుమికిన పిల్లవాని కాళ్లపై వాని బరువునకు కొన్ని రెట్లు భారము పడును. దానికి జంకని మనము చిన్న బరువునకు జంకుట వింత కాదా?

మరియొక అపోహ కలదు. బలమనగా కండలని మనము తలంతుము. యౌవనమునకు పూర్వము పిల్లల కండలు అంతగా ఉబ్బవు. కండలను పెంచు రసములు ఆ వయస్సున స్వల్పముగ నుండుటయే కారణము. అయినను వారికి బలము పెరుగును. ఏ పనికి ఏ కండరమును ఎట్లు మేల్కొలుపవలెనో నాడులు నేర్చుకొనుటచే అది సమకూరును. కనుక దండ చుట్టుకొలత చూచి నిరుత్సాహపడరాదు.

ఏడెనిమిదేండ్ల ప్రాయమున పిల్లలకు నిలకడ, చెప్పిన మాట వినిపించుకొను ఓపిక అలవడును. అప్పుడు ప్రారంభింపవచ్చును. మొదట బరువు వలదు. గుంజీళ్లు తీయుట, గోడకు చేతులానించి దండీలు తీయుట, కొమ్మ పట్టి వ్రేలాడుట చాలును. భంగిమ కుదిరిన పిమ్మట, 10 మొదలు 15 మారులు తేలికగ ఎత్తగల బరువు నీయవలెను. నడుము వంగినను, ఊపిరి బిగబట్టినను ఆ బరువు ఎక్కువైనదని గ్రహింపవలెను. పెంచునపుడు నూటికి 5 మొదలు 10 వంతులకు మించరాదు. వారమునకు రెండు మూడు దినములు, నడుమ ఒక దినము విశ్రాంతి ఉండవలెను. గుండె జబ్బు, రక్తపు పోటు, మూర్ఛ ఉన్న బిడ్డలను ముందుగ వైద్యునకు చూపవలెను.

ఆడపిల్లలకు ఇది తగదనువారు కర్ణం మల్లేశ్వరిని తలంచుకొందురు గాక. శ్రీకాకుళము జిల్లానుండి వచ్చిన ఆమె పండ్రెండవ యేట సాధన మొదలిడి, 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకము గెలిచినది. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారత వనిత ఆమెయే. అందరు బిడ్డలు పతకములు తేనక్కరలేదు. పుస్తకాల సంచి మోసిన నడుము నొప్పి పుట్టకున్న చాలును.

మాకు తెలిసిన ఒక బాలుడు అన్నగారి ఇనుప డంబెల్‌ను మంచము క్రిందనుండి లాగి, స్నేహితునకు చూపబోయి పాదముపై వేసికొనెను. రెండు వ్రేళ్లు చితికెను. ఆ ఇంట అది మొదలు వ్యాయామమే నిషిద్ధమైనది. పిల్లలకు కలుగు గాయములలో అనేకము ఇట్టివే. ఆ బాలుడు చెడినది బరువెత్తుటచే గాదు, చెప్పువారు లేక ఎత్తుటచే. ఆ లోపము వానిది కాదు, పెద్దలది.

కాన, బిడ్డ చేతికి ఇనుము నిచ్చుటకు ముందు, వాని ప్రక్కన నిలుచుటకు మనకు తీరిక కలదో లేదో చూచుకొనవలెను.