ఒకే ప్రాణానికి ఎన్ని రేట్లు?

ఘట్‌కేసర్‌లో ఉంటూ నాచారం పారిశ్రామికవాడకు పనికెళ్లే 28 ఏళ్ల యువకుడు ఒకరున్నారనుకుందాం. పెళ్లి కాలేదు. జీతం నెలకు 20 వేలు, ఉద్యోగం పర్మనెంటు కాదు. అతను చనిపోతే ఇంటివాళ్లకు ఎంత వస్తుంది? ఎలా పోయాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

వరంగల్ హైవే మీద లారీ గుద్ది ఆగకుండా పోయి, నంబరు దొరక్కపోతే 2 లక్షలు. 2022 ఏప్రిల్‌కు ముందు అదీ 25 వేలే. లారీ దొరికితే మాత్రం సరళా వర్మ (2009), ప్రణయ్ సేథీ (2017) తీర్పుల్లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన లెక్క వర్తిస్తుంది. ఏడాది ఆదాయం 2.40 లక్షలకు 40 శాతం కలిపి, సొంత ఖర్చుల కింద సగం తీసేసి, మిగిలినదాన్ని 17తో గుణిస్తే 28.56 లక్షలు. అంత్యక్రియల వంటి పద్దులు అదనం. డ్రైవర్ పారిపోయిన తప్పుకు శిక్ష పడుతున్నది ఆ తల్లిదండ్రులకే. ఇదే లెక్కలో జీతం 60 వేలైతే ప్రాణం విలువా మూడింతలవుతుంది.

టికెట్ కొని ఎక్కిన ఎంఎంటీఎస్ నుంచి జారిపడితే 8 లక్షలు. వరదలో కొట్టుకుపోతే కేంద్ర నిబంధనల ప్రకారం విపత్తు సాయం 4 లక్షలు. రైతుబీమాలో పేరుంటే 5 లక్షలు. 2025 జూన్‌లో పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడు మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు ప్రకటించారు. ఆ కోటి ఎక్కువేమీ కాదు. రాత్రిపూట రోడ్డు పక్కన ఒంటరిగా పోయినవాడికి అందులో యాభయ్యో వంతు ఇవ్వడమే అన్యాయం.

అమెరికా రవాణా శాఖ 2023కు ఒక మరణాన్ని తప్పించడం విలువను 1.32 కోట్ల డాలర్లుగా, అంటే సుమారు 110 కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. పేదకైనా ధనికుడికైనా అదే అంకె. అది పరిహారం కాదు, రోడ్డు మీద డబ్బు ఖర్చుపెట్టే ముందు చూసుకునే కొలత. మనం సిగాచి కోటినే కొలతగా తీసుకుందాం. 2022లో తెలంగాణ రోడ్లపై ఏడున్నర వేల మందికి పైగా చనిపోయారు. అంటే ఒక్క ఏడాది నష్టం 7,500 కోట్లు దాటింది. ఆ వరంగల్ హైవే మీదే ఉప్పల్-నారపల్లి మధ్య ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ పనుల కింద దీపాలకు, డివైడర్లకు, నడిచేవాళ్ల దారికి పెట్టే కోటి, ఒక్కరు బతికినా గిట్టినట్టే. రోడ్డు అంచనాలన్నిటిలో ఈ భద్రత పద్దు ఉండాలి.

అందాకా ఒక మాట. నంబరు దొరకని వాహనం గుద్ది ఎవరైనా పోయిన ఇల్లు మీ బస్తీలో ఉంటే, ఆ 2 లక్షలకైనా ఆర్డీఓ లేదా తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టించండి.