పాస్‌పోర్టుపై నిషేధ ముద్ర: దేశనీతి, పౌరుని హక్కు

ఒక దేశపు పౌరుడు వేరొక దేశానికి వెళ్ళవలెనంటే రెండు ద్వారాలు దాటవలసి ఉంటుంది. మొదటిది స్వదేశపు ద్వారం. అందుకు కావలసినది పాస్‌పోర్టు. రెండవది గమ్యదేశపు ద్వారం. అందుకు కావలసినది వీసా. పరాయి ప్రభుత్వం వీసా నిరాకరించడం తరచుగా జరిగేదే. కాని ఒక్కొక్కప్పుడు స్వదేశ ప్రభుత్వమే ఫలానా దేశానికి పోరాదని తన పౌరులను వారిస్తుంది. ఇట్టి ఆంక్షకు ఆధారమేమిటి, హద్దులేమిటి అన్నది ప్రతి పౌరుడు తెలిసికొనదగిన విషయం.

స్వాతంత్ర్యానంతరం ఇరువది సంవత్సరాలపాటు పాస్‌పోర్టు ఇవ్వడం, నిరాకరించడం పూర్తిగా ప్రభుత్వ విచక్షణకు లోబడిన విషయాలుగా ఉండేవి. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని త్రోసిపుచ్చింది. విదేశయానం చేసే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన వ్యక్తిస్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా దానిని హరించరాదనీ ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, ఇద్దరు విభేదించారు. తత్ఫలితంగా అదే సంవత్సరం పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టాన్ని చేసింది. 1978లో మేనకాగాంధీ వ్యాజ్యంలో న్యాయస్థానం మరొక అడుగు ముందుకు వేసింది. చట్టం ఉన్నంత మాత్రాన చాలదు. అది నిర్దేశించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండవలెనని స్పష్టం చేసింది.

నిషిద్ధ దేశాల ప్రసక్తి ఈ చట్టంలోని 19వ సెక్షనులో ఉన్నది. అందులో నాలుగు సందర్భాలు పేర్కొనబడ్డాయి: భారతదేశంపై దురాక్రమణ జరుపుతున్న దేశం, ఆ దురాక్రమణదారుకు తోడ్పడుతున్న దేశం, సాయుధ సంఘర్షణ సాగుతున్న దేశం, ప్రయాణాలవల్ల మన విదేశ వ్యవహారాల నిర్వహణకు తీవ్ర విఘాతం కలిగించే దేశం. కేంద్రప్రభుత్వం ఇట్టి ప్రకటన జారీచేయగానే, ఆ దేశానికి సంబంధించినంతవరకు పాస్‌పోర్టు చెల్లదు. అయితే ప్రత్యేకానుమతి పొందినవారికి మినహాయింపు కలదు. తలుపు మూసినా గడియ తీయడానికి వీలు ఉంచడమే ఈ సెక్షనులోని విశేషం.

నీతి కారణంగా విధించిన ఆంక్షకు ప్రసిద్ధమైన ఉదాహరణ దక్షిణాఫ్రికా. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో నౌక 342 మంది ప్రయాణికులతో డర్బన్ చేరింది. అప్పటినుంచి చెరకు తోటల పనికి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారిలో తమిళులతోపాటు విశాఖపట్నం, ఉత్తర ఆర్కాడు మొదలైన జిల్లాల తెలుగువారు కూడా ఉన్నారు. వర్ణవివక్షకు నిరసనగా భారత ప్రభుత్వం 1946లో ఆ దేశంతో వాణిజ్యాన్ని తెంచుకొన్నది. భారతీయ పాస్‌పోర్టులపై దక్షిణాఫ్రికాకు చెల్లదన్న ముద్ర దశాబ్దాల తరబడి కొనసాగింది. క్రీడారంగంలోనూ ఈ నిరసన వ్యక్తమైంది: 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరిన భారత జట్టు దక్షిణాఫ్రికాతో ఆడడానికి నిరాకరించి కప్పునే వదులుకొన్నది. ఈ విధానానికి ప్రపంచంలో గౌరవం లభించింది. కాని దాని మూల్యంలో కొంత భాగాన్ని సముద్రానికి ఇరువైపులా ఉన్న బంధుకుటుంబాలు చెల్లించాయి. వర్ణవివక్ష అంతరించే దశలో 1991లో దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు కలకత్తాలో ఆడింది. 1993లో ఇరుదేశాల దౌత్యసంబంధాలు పునరుద్ధరింపబడ్డాయి.

భద్రత కారణంగా విధించిన ఆంక్షకు యెమెన్ ఉదాహరణ. అక్కడ యుద్ధం చెలరేగినప్పుడు, 2015లో, భారత నౌకలు, విమానాలు 4,600 మందికి పైగా స్వదేశీయులను, దాదాపు 960 మంది విదేశీయులను సురక్షితంగా తరలించాయి. సంఘర్షణ చల్లారనందున 2017లో ఆ దేశానికి ప్రయాణాలు నిషేధింపబడ్డాయి. తరువాత అక్కడ మరణశిక్ష విధింపబడిన కేరళకు చెందిన ఒక నర్సు తల్లి, హతుని కుటుంబాన్ని క్షమాభిక్ష వేడుకొనేందుకు వెళ్ళడానికి అనుమతి కోరింది. అక్కడ మన రాయబార కార్యాలయం పనిచేయడం లేదనీ, ఆపద వాటిల్లితే సాయపడడం దుర్లభమనీ ప్రభుత్వం ఆందోళన వెలిబుచ్చింది. సొంత బాధ్యతపై వెళ్ళడానికి ఆమె సంసిద్ధత తెలుపగా, 2023 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు అనుమతించింది. 2024 ఏప్రిల్‌లో ఆమె యెమెన్ చేరింది.

ఈ రెండు ఉదాహరణలలో కారణాలు వేరైనా ప్రశ్న ఒక్కటే. ప్రజలను ఆపద నుంచి కాపాడడం, అన్యాయాన్ని నిరసించడం ప్రభుత్వ ధర్మం. ఆప్తుల కోసం ఎంత దూరమైనా పోగోరడం మనిషి స్వభావం. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికే చట్టం కారణాన్ని ముందుగా ప్రకటించమన్నది, ప్రత్యేకానుమతికి తావిచ్చింది, తుది విచారణకు న్యాయస్థానం తలుపు తెరచి ఉంచింది. ప్రభుత్వపు ఆంక్షను మన్నించడం పౌరుని బాధ్యత. ఆ ఆంక్షకు కారణం అడుగగలగడం అతని హక్కు. రెండూ కలిసి ఉన్నచోటనే పాస్‌పోర్టు స్వతంత్ర దేశపు పౌరుని చేతిలోని పత్రమనిపించుకొంటుంది.