చేవెళ్ళ మఱ్ఱిమ్రాకులు

వటసావిత్రీ వ్రతమునాఁడు మఱ్ఱిమానికి దారము చుట్టు మనము దాని బ్రతుకును విచారింపవలదా? హైదరాబాదునుండి మొయినాబాదు, చేవెళ్ళల మీఁదుగా బిజాపురమునకుఁ బోవు బాట కిరువైపుల సుమారు 900 మఱ్ఱులు గలవు. నిజాముల కాలమున బాటసారుల నీడకై నాటినవని చెప్పుదురు. చుట్టును మెట్టనేల, వేసవిలో నచటి యడవి ఆకు రాల్చును. అట్టి దినములందు పక్షులకుఁ బండు, పశువులకు నీడ నొసఁగునది మఱ్ఱియే.

అప్పా కూడలినుండి మన్నెగూడవఱకు 46 కిలోమీటర్ల బాటను వెడల్పు చేయఁ దలఁచినప్పుడు వీనికి గండము వచ్చినది. వృక్షప్రియులు కొందఱు చెట్టు చెట్టుకడకుఁ బోయి, చోటు గుర్తించి పటమున కెక్కించిరి. జాతీయ హరిత ట్రిబ్యునలులో వ్యాజ్యము నడపిరి. పటము లేనిచో, పడిన చెట్ల లెక్క యెవరి కెఱుక?

బాట వలదని మే మనము. 2025 నవంబరు 3న మీర్జాగూడచెంత కంకర టిప్పరు బస్సును ఢీకొన 19 మంది మృతి నొందిరి. ఆ తల్లుల కడుపుకోఁత ముందు ఏ వాదము నిలుచును? కాని చెట్లను నడుమ నుంచి ప్రక్కను త్రోవ వేయరాదా? తుదకుఁ బెక్కు చెట్లు నిలుచునట్లు బాటను మార్చి గీచిరి. అడ్డమైనవానిని పెకలించి వేఱొకచోట నాటుదురట. పెద్ద మానిని పెకలించిన వేళ్ళన్నియు వెంట రావు గదా! నాటిన పిమ్మట వేసవులలో నీరు పోయువా రెవరని మే మడుగుచున్నాము.